పది తర్వాత దారి ఎవరు చెబుతారు?

సంక్రాంతి దాటగానే ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల తలుపులు తడతారు. కంఠేశ్వర్‌లో అయినా, బోధన్ పక్క పల్లెల్లో అయినా ఇదే తంతు. పిల్లలు పదో తరగతి పరీక్ష ఇంకా రాయనే లేదు. అయినా కొంత అడ్వాన్సు కడితే సీటు ఖాయమని, ఫీజులో రాయితీ అని చెప్పి సంతకం పెట్టించుకుంటారు. గ్రూపు ఏదని అడిగితే తండ్రి "ఎంపీసీ" అంటాడు. పక్కింటి అబ్బాయి అదే తీసుకున్నాడు కదా! ఆ ఒక్క మాటతో బిడ్డ యూనివర్సిటీ చదువు సగం నిర్ణయమైపోయిందని ఆయనకు అప్పుడు ఎవరూ చెప్పరు.

బోధన్ ప్రాంతానికి ఈ విషయంలో ప్రత్యేకమైన చరిత్ర ఉంది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక శక్కర్‌నగర్ ఒక ఊరుగా ఎదిగింది. తండ్రి ఫ్యాక్టరీలో చేరితే కొడుకు కూడా చేరేవాడు, చెరకు రైతుకు ఫ్యాక్టరీయే దిక్కు. పెద్ద చదువు లేకపోయినా ఇల్లు గడిచేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. మళ్లీ తెరుస్తామన్న హామీలు ఎన్నికల సభల్లో వింటూనే ఉన్నాం. ఈలోగా ఇంటి భారం బీడీలు చుట్టే తల్లుల మీద, గల్ఫ్ వెళ్లిన తండ్రుల మీద పడింది. ఈ ఇళ్లలోని పిల్లలు చాలామంది తమ కుటుంబంలో డిగ్రీ గడప తొక్కబోయే మొదటివారు. వారికి తెలివి తక్కువ కాలేదు. అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో మనిషి లేడు, అంతే.

బాసర సంగతే చూడండి. గోదావరి దాటితే 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్‌లో చేరవచ్చు. ప్రభుత్వ, స్థానిక సంస్థల నాన్-రెసిడెన్షియల్ బడుల్లో చదివినవారికి అదనపు వెయిటేజీ కూడా ఉంది. కానీ అప్పటికే జూనియర్ కాలేజీకి డబ్బు కట్టేసిన కుటుంబం ఆ నోటిఫికేషన్ వైపు చూడదు. బోధన్‌కు దగ్గరలోని రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. ఎప్‌సెట్ ర్యాంకుతో అక్కడ బీటెక్ చదవవచ్చు. వరి, పసుపు, చెరకు పండే జిల్లాలో ఇంతకంటే దగ్గరి చదువు ఏముంటుంది? అయినా మన యవ్వనస్థుల కూడికలో ఎంతమందికి ఆ పేరు తెలుసో అడిగి చూడండి.

మన ఇళ్లలో ఆడపిల్లలకు నర్సింగ్ మీద మొదటి నుంచీ మక్కువ. డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దొరసాని కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టిన నాటి నుంచి ఈ జిల్లాలో సేవ అంటే ఆసుపత్రే గుర్తొస్తుంది. అయితే ఇంటర్ మార్కులు బాగుంటే బీఎస్సీ నర్సింగ్ సీటు వస్తుందని ఇంకా నమ్మేవారున్నారు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు కన్వీనర్ కోటా సీటుకు ఎప్‌సెట్ రాయాలి. ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు ఉండే 25 శాతం వెయిటేజీని కూడా తీసేశారు. దరఖాస్తు చేయాల్సిన నెలలో ఆ సంగతి తెలియక, ఫలితాలు వచ్చాక పాస్టరు గారి దగ్గరికి పరుగెత్తితే ఆయన మాత్రం ఏం చేయగలడు?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల కోర్సుల్లో చాలావాటికి 2022 నుంచి సీయూఈటీ పరీక్షే ద్వారం. దాన్ని తెలుగులోనూ రాయవచ్చు. దాని దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తుంది. మామూలు డిగ్రీకి మాత్రం ఫలితాల తర్వాత దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. తెలంగాణ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు అందులో కనిపిస్తాయి. ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ కాకపోతే అక్కడ కూడా చిక్కే. తండ్రి దుబాయిలో ఉండి, లింకైన సిమ్ ఆయన జేబులో ఉంటే ఓటీపీ కోసం ఇక్కడ పడే అవస్థ తల్లులకే తెలుసు.

ఇక సంఘాలు గట్టిగా మాట్లాడటానికి జంకే విషయం కుల ధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవులైన దళితులను మన రాష్ట్రంలో బీసీ-సి గా లెక్కిస్తారు. ఎస్సీలకు 15 శాతం ఉంటే బీసీ-సి కి ఉన్నది 1 శాతం. అరవై సీట్ల సెక్షన్‌లో ఆ లెక్క ఒక్క సీటుకు కూడా చేరదు. ఫీజులోనూ తేడా ఉంది. ఇంజనీరింగ్‌లో బీసీ విద్యార్థికి ర్యాంకు 10,000 దాటితే సాధారణంగా 35,000 రూపాయల వరకే ప్రభుత్వం ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఆ షరతు లేదు. తండాల్లోని మన లంబాడీ విశ్వాసులకు ఈ చిక్కు లేదు, మతం మారినా ఎస్టీ హోదా పోదు.

ఇది అన్యాయమని మనం చాలాకాలంగా అంటున్నాం. అన్యాయమే. దీన్ని పరిశీలించడానికి 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు, దాని గడువును పలుమార్లు పొడిగించారు. అయితే కమిషన్ తేల్చేదాకా మన పిల్లల అడ్మిషన్లు ఆగవు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన సెల్వరాణి కేసులో, క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ హోదా కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రెండు పేర్లతో, రెండు రికార్డులతో బతుకుతున్న ఇళ్లు మన మధ్య ఉన్నాయి. వారిని తప్పుపట్టడం తేలిక. ఆ పరిస్థితి ఎవరు కల్పించారో కూడా చూడాలి. కానీ పదిహేనేళ్ల బిడ్డకు ఈ చిక్కు చెప్పకుండా పెంచి, కౌన్సెలింగ్ మధ్యలోనో, ఉద్యోగం వచ్చాకనో పత్రం మీద ఫిర్యాదు పడితే నష్టపోయేది ఆ బిడ్డే. ఏ పత్రంతో ముందుకు వెళ్లాలో కుటుంబం తొమ్మిదో తరగతిలోనే కూర్చొని నిర్ణయించుకోవాలి. బీసీ-సి వారు జేఈఈ, నీట్‌లకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ పత్రం విడిగా తీసుకోవాలి. రాష్ట్ర పత్రం అక్కడ చెల్లదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే పూర్తిగా ఆధారపడటం కూడా ఇప్పుడు ప్రమాదమే. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు కొన్ని రోజులు తాళాలు వేసుకున్నాయి. డబ్బు రాకపోతే కాలేజీవారు సర్టిఫికెట్లు ఆపుతారు, విద్యార్థి పై చదువు ఆగిపోతుంది. ఈ విషయంలో ప్రభుత్వాలు మారినా తీరు మారలేదు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల వరకు తరగతిని బట్టి ఇచ్చే సాయం ఒకటుంది. తల్లి పేరిట బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉండాలి. దాంతోపాటు మరో స్కాలర్‌షిప్ తీసుకోవడం కుదరదు కాబట్టి ఏది మేలో ముందే లెక్క వేసుకోవాలి.

దీనికి పెద్ద సెమినార్లు అక్కర్లేదు. ప్రతి సంఘంలో ఒక టీచరో, బ్యాంకు ఉద్యోగో, డిగ్రీ చదివే అక్కో ఉంటారు. డిసెంబరులో క్రిస్మస్ కార్యక్రమాలకు వేసే కమిటీలోనే ఒకరికి ఈ పని అప్పగించవచ్చు. జనవరి మొదటి ఆదివారం ఆరాధన తర్వాత తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలను తల్లిదండ్రులతో కలిపి గంటసేపు కూర్చోబెట్టాలి. ఆధార్‌లో, పదో తరగతి నామినల్ రోల్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా, ఫోన్ నంబరు ఎవరిది, ఆదాయ పత్రం మీసేవలో ఎప్పుడు తీసుకున్నారు అన్నవి ముందు చూడాలి. మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమన్న ప్రశ్న ఆ తర్వాత అడగాలి. పీఆర్వో వచ్చేలోగా ఆమె జవాబు ఇంట్లోవారికి తెలిసి ఉండాలి.