చున్నీకి రెండు పిన్నులు

పోయిన నెల మా చెల్లికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. సూట్‌కేసు సర్దుకుంటుంటే అమ్మ వీడియో కాల్ చేసి ఫోను దానివైపు తిప్పింది. "నువ్వైనా చెప్పవే దీనికి. ఆ చేతుల్లేని టాపులు రెండూ తీసేయమంటే వినట్లేదు. కొత్త ఊరు, పైగా సెకండ్ షిఫ్టు. మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా" అంది.

నేను ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. "అవి అక్కడే ఉంచెయ్యవే, ఇక్కడికొచ్చాక చూద్దాంలే" అనేశా.

చెల్లి మడతపెడుతున్న టాపు పక్కన పడేసి, "అక్కా, నువ్వు కూడానా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఈ విషయంలో నాకు తెలిసినంత బాగా మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

మాది సత్తెనపల్లి. తొమ్మిదో క్లాసులో ఒకరోజు సాయంత్రం స్కూలు నుంచి ఆర్టీసీ బస్సులో వస్తున్నా. యూనిఫాం చుడీదార్, వి ఆకారంలో మడిచి రెండు భుజాల మీదా పిన్నులు పెట్టిన తెల్ల చున్నీ, నూనె రాసి రిబ్బన్లతో పైకి మడిచి కట్టిన రెండు జడలు. వెనక సీటు సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. అరవడానికి గొంతు రాలేదు. రెండు స్టాపుల ముందే దిగి నడుచుకుంటూ ఇంటికెళ్లా. చెప్తే అమ్మ ముందు ఏడ్చింది. ఆ తర్వాత, "చున్నీ సరిగ్గానే వేసుకున్నావా?" అని అడిగింది. వంగి చూసుకున్నా. రెండు పిన్నులూ ఉన్నాయి. కానీ ఆ రోజు నుంచి బస్సెక్కే ముందు పిన్నులు తడుముకోవడం అలవాటైపోయింది. ఏళ్లు పట్టింది పోవడానికి.

అమ్మని తప్పు పట్టట్లేదు. బస్సులో వాడు ఆవిడ చేతిలో లేడు, నా చున్నీ ఉంది. అంతే.

ఇంజనీరింగ్‌లో అయితే చున్నీకి పిన్నుల లెక్క కాలేజీయే చూసుకునేది. లెగ్గింగ్స్ వద్దు, జీన్స్ అసలే వద్దు, గేటు దగ్గర ఒక మేడం నిలబడి ఒక్కొక్కరినీ పైనుంచి కిందకి చూసి లోపలికి పంపేది. మా ల్యాబ్‌లో ఒక సారు ఉండేవాడు. "మన కాలేజీ ఆడపిల్లలు ఎంత పద్ధతిగా ఉంటారు" అని తెగ మురిసిపోయేవాడు. ఆయనే, "మౌస్ అలా కాదమ్మా" అంటూ మా చేతి మీద చెయ్యేసి ప్రోగ్రాం రన్ చేయించేవాడు. రికార్డు మీద సంతకానికి ఒంటరిగా వెళ్లొద్దని సీనియర్లు మాకు చెప్పారు, మేము జూనియర్లకి చెప్పాం. నాలుగేళ్లలో నాకు నిజంగా పనికొచ్చిన జాగ్రత్త అదొక్కటే. అది ఏ డ్రెస్ కోడ్ నోటీసులోనూ లేదు.

అలాగని బట్టల్ని బట్టి మనుషుల తీరు మారదా అంటే, మారుతుంది. నేనే చూశా. రెండేళ్ల కింద సంక్రాంతికి ఆఫీసులో ఎత్నిక్ డే అని పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని బయల్దేరా. రోజూ "ఓ మేడం, జరగండి" అనే ఆటో అతను ఆ రోజు "రండమ్మా" అన్నాడు. మెట్రోలో ఒకాయన లేచి సీటిచ్చాడు. భలే ఉందే అనుకున్నా. పావుగంట తర్వాత అమీర్‌పేటలో రాయదుర్గం ట్రైన్ కోసం దిగితే, ఆ తోపులాటలో ఎవరో నడుం గిల్లారు.

ఈసారి గొంతొచ్చింది. వెనక్కి తిరిగి గట్టిగా అరిచా. చుట్టూ ఉన్న జనం అందరూ చూశారు, నన్ను. పక్కనున్న ఒక పెద్దావిడ మెల్లగా దగ్గరికొచ్చి, "పమిట సర్దుకోమ్మా" అంది. సెక్యూరిటీ వచ్చేలోపు వాడు జనంలో కలిసిపోయాడు. వాడేం వేసుకున్నాడని ఎవరూ అడగలేదు గానీ నాకు గుర్తుంది. ఇస్త్రీ చేసిన లేత నీలం ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడలో ఐడీ కార్డు.

నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం. ఒక బగ్ అన్ని బ్రౌజర్లలోనూ వస్తుంటే తప్పు బ్రౌజర్‌ది అనం. యూనిఫాంలో వచ్చింది, పిన్నులు పెట్టిన చున్నీలో వచ్చింది, పట్టుచీరలో వచ్చింది. ఇంకా ఎన్ని మార్చి చూడాలి?

అసలు ఏది పద్ధతైన బట్ట అనేది కూడా ఎవరి చేతిలో అధికారం ఉంటే వాళ్లు రాసుకున్నదే. ట్రావన్‌కోర్ సంస్థానంలో నాడార్ స్త్రీలు పై కులాల వాళ్ల ముందు ఛాతీ కప్పుకోకూడదు. కప్పుకోవడమే అమర్యాద! దశాబ్దాల పాటు కొట్లాడితే 1859లో గానీ అనుమతి రాలేదు, అదీ పై కులాల స్త్రీల తరహాలో వేసుకోకూడదన్న షరతుతో. మన లంగావోణీలో నడుం కనపడితే సంప్రదాయం, టీషర్టు కాస్త పైకి జరిగితే విడ్డూరం.

ఇది వీధి జనం మాటే అనుకోకండి. బెయిల్ ఉత్తర్వుల్లో బాధితురాలి బట్టల గురించి, నడవడిక గురించి రాయొద్దని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. 2022లో కోళికోడ్ సెషన్స్ కోర్టు ఒక రచయితకి ముందస్తు బెయిల్ ఇస్తూ ఫిర్యాదు చేసినామె దుస్తులు రెచ్చగొట్టేలా ఉన్నాయని రాసింది. ఆ మాటల్ని కేరళ హైకోర్టు కొట్టేయాల్సి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఇలాంటి అపోహల మీద జడ్జీల కోసం ఏకంగా ఒక పుస్తకమే వేసింది. జడ్జీలకే చెప్పాల్సి వస్తే మా ఇంటి ఓనర్ ఆంటీని ఏమనాలి? మా రూమ్మేట్ షార్ట్స్‌లో చెత్తబుట్ట బయట పెట్టిందని ఆవిడ పంచాయితీ పెట్టిన సమయానికి, అంకుల్ బాల్కనీలో చొక్కా లేకుండా లుంగీ మడిచి కట్టి పళ్లు తోముకుంటున్నాడు.

"ఎక్కడికి ఏం వేసుకోవాలో తెలియక్కర్లేదా?" అని మీరు అడగొచ్చు. తెలియాలి. గుడికో తీరు, ఆఫీసుకో తీరు. కానీ నిక్కరేసుకుని గుడికొచ్చిన అబ్బాయిని పూజారి గేటు దగ్గరే ఆపేస్తాడు, అంతేగా. దారిలో వాడిని ఎవరైనా గిల్లితే "నీకలాగే జరగాలి" అనరు కదా.

మర్నాడు పొద్దున్నే చెల్లికి ఫోన్ చేశా. టాపులు తెచ్చుకోమన్నా. ఇంకో గంట మాట్లాడా, బట్టల గురించి కాదు. క్యాబ్ ఎక్కగానే లొకేషన్ పంపడం. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ప్రతి ఆఫీసులోనూ 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలని, మొదటి వారంలోనే అందులో ఎవరున్నారో తెలుసుకోమని, ఏదైనా జరిగితే మూడు నెలల్లోపు రాసివ్వాలని. బయట అయితే షీ టీమ్స్‌కి చెప్పాలని. సంతకాల కోసం ఎవరి క్యాబిన్‌లోకి ఒంటరిగా వెళ్లకూడదో టీమ్‌లో ఉన్న అమ్మాయిల్ని అడగమని. "ఇవన్నీ నీకెలా తెలుసక్కా?" అంది. బస్సు సంగతి, ల్యాబ్ సంగతి మొదటిసారి దానికి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత దాని బస్సు సంగతి అది చెప్పింది.

వచ్చి మూడు వారాలైంది. సూట్‌కేసులో టాపులతో పాటు, ఎందుకైనా మంచిదని అమ్మ పెట్టిన నాలుగు చున్నీలు, ఒక పిన్నుల డబ్బా కూడా వచ్చాయి. నిన్న మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"చెల్లి వెళ్లిందా?"

"వెళ్లిందమ్మా. క్యాబ్ నంబరు, లొకేషన్ నా దగ్గరున్నాయి."

"అది కాదే, ఏం వేసుకుని వెళ్లిందీ అని."

"చూడలేదమ్మా" అన్నా. నిజంగానే చూడలేదు.