బాట్‌కి గుణింతాలు రావు

మా సాహితీ క్లబ్బు పోయిన సెమిస్టర్‌లో వాట్సాప్ గ్రూపు వదిలేసి మాటర్‌మోస్ట్‌కి మారింది. ల్యాబ్‌లో మూలన పడున్న ఒక డెస్క్‌టాప్ అడిగి తెచ్చుకుని, ఉబుంటు వేసి, సర్వర్ నడిపించాం. వారం తిరక్కముందే పాత తలనొప్పి మళ్ళీ మొదలైంది. కవితల పోటీకి ఆఖరి తేదీ ఎప్పుడు? కథ ఎన్ని పేజీలుండాలి? ఫీజు ఎంత? రోజుకి పదిసార్లు ఇవే. "ఒక బాట్ పెట్టేస్తే పోలా?" అన్నాను. అన్నవాడి నెత్తినే పడింది పని.

పెట్టడం పెద్ద విద్యేం కాదు. సిస్టమ్ కన్సోల్‌లో బాట్ ఖాతాలకి అనుమతిచ్చి, ఒక ఖాతా తెరిస్తే టోకెన్ ఇస్తుంది. అది ఒక్కసారే కనిపిస్తుంది, అప్పుడే దాచుకోవాలి. ఆ టోకెన్‌తో ఒక పైథాన్ ప్రోగ్రాం వెబ్‌సాకెట్ పట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా మెసేజ్ పెట్టగానే అందులో తెలిసిన మాట ఉందేమో వెతికి జవాబిస్తుంది. మొదటి రాత్రి మా బాట్ తన జవాబులో ఉన్న 'హెల్ప్' అనే మాట తనే చదివి, తనకి తనే జవాబిచ్చుకుంటూ తెల్లారేదాకా మాట్లాడింది. సొంత ఐడీ నుంచి వచ్చిన మెసేజ్‌లని వదిలెయ్యమని చెప్పడం మర్చిపోయాను. ఉదయం 9 గంటలకి రావాల్సిన రిమైండర్ మధ్యాహ్నం 2:30కి వచ్చేది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది మరి. ఇవన్నీ నవ్వుకుని దిద్దుకునే తప్పులు.

నవ్వుకోలేనిది పోటీ అయిపోయిన వారానికి లాగ్‌లో కనిపించింది. ఫస్టియర్ తమ్ముడొకడు అర్ధరాత్రి దాటాక, చక్కటి తెలుగు లిపిలో అడిగాడు: "అన్నా, ఫీజు కట్టకుండా పద్యం చదవనిస్తారా?" బాట్ జవాబు: "అర్థం కాలేదు. సరిగ్గా టైప్ చేయండి." అతను మళ్ళీ అడగలేదు. పోటీకీ రాలేదు. ఫీజు వంద రూపాయలు. మనిషి ఎవరికైనా ఆ ప్రశ్న కనబడి ఉంటే "వచ్చేయ్ తమ్ముడూ" అనేవాళ్ళం.

ఎందుకలా అయిందో చూస్తే సిగ్గేసింది. పైథాన్ 're' మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే మాటలో ఉండదగిన అక్షరం అని. మన అచ్చుల్నీ హల్లుల్నీ అది ఒప్పుకుంటుంది. గుణింతపు గుర్తుల్ని, పొల్లుని, సున్నాని ఒప్పుకోదు. యూనికోడ్ లెక్కలో అవి అక్షరాలు కావు, అక్షరాన్ని అంటిపెట్టుకునే గుర్తులు. దాంతో 'ఫీజు' కాస్తా 'ఫ', 'జ' అని రెండు ముక్కలయింది. 'పద్యం' ఏమో 'పద', 'య' అయింది. మేం పరీక్షించినప్పుడు ఇది బయటపడలేదు. ఎందుకంటే పరీక్షించిన అయిదుగురమూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాం. తెలుగు సాహితీ క్లబ్బు వాళ్ళం!

లిపి సంగతి ఒక సాయంత్రంలో సరిచేశాను. ఖాళీల దగ్గర విడగొట్టి, మాట మొదలు 'ఫీజు'తో కలుస్తుందేమో చూస్తే 'ఫీజుకి', 'ఫీజులో' కూడా దొరుకుతాయి. 'ఫీజెప్పుడు' అంటే మళ్ళీ బోర్లా పడుతుంది. ఉత్వసంధి దానికెవరు నేర్పాలి?

కానీ నా దృష్టిలో అసలు తప్పు కోడ్‌లో లేదు, ఆ "సరిగ్గా టైప్ చేయండి"లో ఉంది. అది రాసింది పైథాన్ కాదు, నేను. చేతకానిది బాట్‌కి, నింద అడిగినవాడికి. 1960ల్లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలిజా కూడా తెలిసిన మాటల్ని వెతికి జవాబిచ్చే ప్రోగ్రామే. దానికి మాట చిక్కకపోతే "ఇంకా చెప్పండి" అన్న ధోరణిలో ఏదో ఒకటి అనేది. అదీ ఒక రకం నటనే అనుకోండి, కనీసం ఎదుటివాణ్ణి తప్పుపట్టేది కాదు.

"పెద్ద లాంగ్వేజ్ మోడల్ తగిలించెయ్ రా, సంధులు సమాసాలు అన్నీ అదే చూసుకుంటుంది" అంటున్నాడు మా రూమ్మేట్. ప్రశ్న అర్థమవుతుంది, ఒప్పుకుంటా. కానీ ఫీజు మాఫీ చెయ్యాలా వద్దా అన్నది భాష సమస్య కాదు. అది ధీమాగా "కుదరదు" అంటే ఎవరు వెనక్కి తీసుకుంటారు? "రండి" అంటే గుమ్మం దగ్గర ఎవరు మాట నిలబెడతారు?

అందుకే ఇప్పుడు మా బాట్ తేదీలు, పేజీలు, హాలు నంబరు వరకే చెప్తుంది. తెలియనిదొస్తే "నాకు అర్థం కాలేదు, మనిషిని పిలుస్తున్నా" అని ఆ వారం డ్యూటీలో ఉన్నవాళ్ళని ట్యాగ్ చేస్తుంది. అయిదుగురం వంతులేసుకున్నాం. రాత్రి వచ్చినదానికి పొద్దున టిఫిన్ లోపు జవాబివ్వాలి. "మళ్ళీ మనమే చెప్పేటట్టయితే బాట్ ఎందుకురా?" అని క్లబ్బులో గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. నా మటుకు నాకు, తేదీలు చెప్పే చాకిరీ తప్పింది ఇలాంటి ప్రశ్నలకి తీరిక దొరకడానికే. ఆ తీరిక కూడా దాచుకుంటామంటే సర్వర్ ఆపేసి నోటీసు బోర్డు పెట్టుకుందాం.

ఆ తమ్ముణ్ణి మెస్‌లో వెతికి పట్టుకుని సారీ చెప్పాను. "పర్లేదన్నా, నేనే తప్పు కొట్టాననుకున్నా" అన్నాడు. ఇప్పుడు సర్వర్‌లో బాగానే మాట్లాడుతున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో.