‘మీరు ఎక్కిరండి, బ్యాగుల దగ్గర నేనుంటా’

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ నిర్వాహకులకు,



వచ్చే ఫిబ్రవరిలో షార్లెట్ నుంచి ఎనిమిది మందిమి ఒక వ్యానులో మీ దగ్గరికి వస్తున్నాం. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మా నాన్నా, నల్గొండ నుంచి వచ్చిన మా అత్తమ్మ, మావారు, నేను, 27 ఏళ్ల మా మరిది, 10 ఏళ్ల అమ్మాయి, 4 ఏళ్ల అబ్బాయి. నాన్నకి 72, అత్తమ్మకి 69, అమ్మకి 66. ముగ్గురికీ కలిపి రెండు షుగర్లు, మూడు బీపీలు, నాలుగు అరిగిన మోకాళ్లు.

విజిటర్ వీసా మీద ఆర్నెల్లకని వచ్చే మా పెద్దవాళ్ల అమెరికా ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు. కారు లేకపోతే కాలు బయటపెట్టలేని ఊరు, పగలంతా మనిషి అలికిడి లేని వీధి, మనవల్ని దింపే పసుపు బస్సు కోసం కిటికీ పక్కన ఎదురుచూపు. తిరిగి వెళ్లేలోపు వాళ్లతో కలిసి ఒక్క చోటికైనా వెళ్లాలనుకున్నాం. ఎక్కడికని అడిగితే పిల్లలు మీ పేరే చెప్పారు.

ప్రయాణం కోసం ఎక్సెల్ షీటు ఒకటి వేశాను. ఒకవైపు మనుషుల పేర్లు, ఇంకోవైపు రైడ్ల పేర్లు. ఎక్కుతారు, ఎక్కలేరు, ఎక్కరు అని మూడు రంగులు. పిల్లల లెక్క తేలిగ్గానే తేలింది. స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాల ఎత్తుండాలి, మావాడికి చాలదు. సెవెన్ డ్వార్ఫ్స్ గని బండికి 38 ఉంటే చాలు, ఎక్కేస్తాడు. గోడకి నిలబెట్టి టేపు పెడితే అయిపోయింది. పెద్దవాళ్లని కొలిచే టేపు మాత్రం నాకు దొరకలేదు. ఏ రైడు పేరు చెప్పినా ఒకటే జవాబు.

“మీరు ఎక్కిరండి, బ్యాగుల దగ్గర నేనుంటా” అంది అమ్మ. “నాకా గిర్రగిర్ర తిరిగేటివి వద్దు బిడ్డా, మీరు పోయి రాండ్రి, నేను గీడ్నే కూసుంట” అన్నారు అత్తమ్మ. నాన్న అయితే అసలు టికెట్టే వద్దన్నారు. రద్దీ రోజుల్లో మీ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు ఒక్కరోజు టికెట్ 200 డాలర్లు దాటుతోందని మా మరిది నోరు జారాడు. నాన్న మనసులోనే రూపాయల్లోకి మార్చేసుకుని, “గేటు బయట చెట్టు కింద కూర్చుంటాలే, సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి” అన్నారు.

తెలుగిళ్లలో పెరిగిన ఎవరికైనా ఈ మాట కొత్త కాదు. సూర్యలంక బీచ్‌లో మేం నీళ్లలోకి పరిగెత్తితే చెప్పుల కాపలా అమ్మదే. నాంపల్లి నుమాయిష్‌లో కొడుకులిద్దరూ జెయింట్ వీల్ ఎక్కితే కింద సంచులు పట్టుకుని తలెత్తి చూస్తూ నిలబడింది అత్తమ్మే. వాళ్లకి సరదా లేక కాదు. ఒక టికెట్ డబ్బు మిగలాలి, తమ వల్ల ఇంకొకరికి ఆలస్యం కాకూడదు, సామాను పోకూడదు. ఏళ్ల తరబడి ఇలాగే సర్దుకోగా అది అలవాటైంది. చూసే మాకేమో వాళ్లకి అదే ఇష్టం కాబోలు అనిపించింది.

ఈ ఇంటి గోల మీకెందుకంటారేమో. మీ పార్కుల ఆలోచన పుట్టిందే బ్యాగుల దగ్గర కూర్చున్న ఒక మనిషి వల్ల. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్లిద్దరూ రంగులరాట్నం తిరుగుతుంటే వాల్ట్ డిస్నీ గారు బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుంటే బాగుండుననుకున్నారు. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నారు. ఆ కోరికే 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ అయింది. గ్రిఫిత్ పార్కు బెంచీని డిస్నీలాండ్‌లోని ఒపేరా హౌస్‌లో ప్రదర్శనకి కూడా పెట్టారు. ఫ్లోరిడా పార్కుని ఆయన కళ్లారా చూడలేదు, 1966లోనే పోయారు. అన్న రాయ్ గారు విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో ఆ భారం ఎత్తుకుని, 1971 అక్టోబరు 1న తలుపులు తెరిచి, తమ్ముడి పేరు నిలబెట్టి, ఆ డిసెంబరులోనే కన్నుమూశారు. మీ మ్యాజిక్ కింగ్‌డమ్ వాకిట్లో మిన్నీ మౌస్ పక్కన ఆయన విగ్రహం ఉంది. అదీ బెంచీ మీదే.

వాల్ట్ గారు తండ్రుల్ని బెంచీ మీంచి లేపారు. ఇప్పుడు దాని మీద తాతలూ అమ్మమ్మలూ నానమ్మలూ కూర్చున్నారు. వాళ్ల తరఫున మీకు నాలుగు మనవులు.

మొదటిది క్యూ గురించి. తొందరగా లోపలికి పంపే మీ లైట్నింగ్ లేన్‌ని మీ హోటళ్లలో దిగేవాళ్లు ఏడు రోజుల ముందూ, మిగతావాళ్లు మూడు రోజుల ముందూ డబ్బు కట్టి బుక్ చేసుకోవాలి. ఆ రోజు పొద్దున్న ఏడింటికి మా మరిది తత్కాల్ టికెట్‌కి కూర్చున్నట్టు ఫోను పట్టుకుని కూర్చుంటాడు. ఇదంతా నాన్నకి వివరిస్తే, “తిరుమలలో 300 రూపాయల దర్శనమేగా” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తర్వాత అడిగారు: “మరి 65 దాటినవాళ్లకి అక్కడ వేరే దర్శనం ఉంటుంది. వీళ్లకి లేదా?” లేదన్నాను. “పోనీ, వైకుంఠం క్యూలోలా కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడతారా?” నిలబడాలన్నాను. “పాలైనా ఇస్తారా?” ఆ మాటకి ఇల్లంతా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు.

మమ్మల్ని వరస దాటించమని అడగడం లేదు. వరసలో నిలబడలేనివాళ్ల కోసం పెట్టిన డిజబిలిటీ యాక్సెస్ సర్వీసుని 2024లో ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకి పరిమితం చేశారు. వాడేవాళ్లు బాగా పెరిగిపోయారన్న మీ ఇబ్బంది అర్థమవుతుంది. అరిగిన మోకాళ్లతో ఆ తలుపు తట్టం. గంటసేపు నిలబడాల్సిన చోట ఆ గంటా కూర్చోనివ్వమంటున్నాం, అంతే. మేం వరసలో నిలబడతాం. పెద్దవాళ్లు నీడలో కూర్చుని, మా వంతు వచ్చేసరికి ఎక్కే చోట మమ్మల్ని కలుసుకుంటారు. ఇది మీకు చేతకాని పనేం కాదు. 2012లో డంబో ఏనుగు దగ్గర గుడారం వేసి, వంతు వచ్చేదాకా పిల్లలు ఆడుకునేలా, పెద్దలు కూర్చునేలా ఏర్పాటు చేసింది మీరే. ఎత్తు చాలని పిల్లల దగ్గర తల్లి ఒకసారి, తండ్రి ఒకసారి ఉండి, రెండోసారి వరసలో నిలబడకుండా ఎక్కేందుకు రైడర్ స్విచ్ పెట్టిందీ మీరే. పసివాళ్ల కోసం వచ్చిన ఆలోచన ముసలివాళ్ల దగ్గర ఎందుకు ఆగిపోయిందన్నదే నా ప్రశ్న.

రెండోది నడక గురించి, అంతకంటే ఎక్కువగా మర్యాద గురించి. ఇక్కడికి వచ్చేటప్పుడు నాన్న దోహా ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ ఎక్కారు. కాళ్లు నొప్పని కాదు, ఎవర్నీ ఇంగ్లీషులో దారి అడగక్కర్లేదని. మా ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామంది అంతే. మీ దగ్గర ఎక్కమంటే మాత్రం, “నేనేమన్నా మంచాన పడ్డానా?” అంటారు. దోహాలో చూసేవాళ్లంతా ముక్కూ మొహం తెలియనివాళ్లు. ఇక్కడ పక్కన వియ్యపురాలు ఉంటారు, ఎదురుగా మనవరాలు ఉంటుంది. అత్తమ్మకీ అదే బాధ. “వదినగారు నడుస్తుంటే నేనెట్ల కూసుంట?” అంటారు. అమ్మ నడిచేదేమో వదినగారు నడుస్తున్నారనే. ఇలా ఒకరి మొహమాటం ఒకరిని నడిపిస్తుంటే సాయంత్రానికి ఆరు మోకాళ్లూ వాస్తాయి.

మీ మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు ట్రాలీ నడుస్తుంది. అది ఎక్కినవాణ్ణి ఎవరూ రోగి అనరు, షోకు అంటారు. అలాంటి బండి ఏదైనా పార్కు లోపల ఇంకా దూరం, ఇంకా తరచుగా నడపండి. 2019లో మీరు వేసిన స్కైలైనర్ రోప్‌వే చూడండి. కొన్ని హోటళ్ల నుంచి ఎప్‌కాట్ పార్కుకి కూర్చోబెట్టే తీసుకెళ్తుంది, వేరే టికెట్ లేదు, పైనుంచి చెరువులూ చెట్లూ కనపడతాయి. ఆ వీడియో చూపించగానే అమ్మ, “ఇదైతే నేనూ ఎక్కుతా” అంది. నా షీటులో అమ్మ పేరు పక్కన మొదటి ‘ఎక్కుతారు’ అదే. మీరేమో దాన్ని రవాణా కింద లెక్కేశారు.

మూడోది నెమ్మది గురించి. 2025 జూలైలో మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని నదిని మూసేశారు. పెద్ద పడవ ఆగిపోయింది, టామ్ సాయర్ దీవి పోయింది. ఆ జాగాలో కార్స్ సినిమా తాలూకు రైడ్లు వస్తాయట. మావాడు ఎగిరి గంతేశాడు. నా షీటులో మాత్రం ఎనిమిది పేర్లకీ ఒకే రంగు పడాల్సిన వరస ఒకటి ఖాళీ అయింది. నాలుగేళ్లవాడూ డెబ్బై రెండేళ్లాయనా ఒకే కమ్మీ పట్టుకుని ఒకే నీళ్లు చూసే చోటు అది. ఇలాంటివి మీ దగ్గర ఇంకా ఉన్నాయి. 1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం వాల్ట్ గారు చేయించిన కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లో మనుషులు కూర్చునే ఉంటారు, హాలే తిరుగుతుంది. ఎదురుగా ఒక ఇంటివాళ్ల కథ, దీపం వెలుగు నుంచి కరెంటు సామాన్ల దాకా. బెంచీని రైడుగా మార్చడం అంటే అదే. కిలిమంజారో సఫారీ, పీపుల్‌మూవర్ కూడా మాకు అలాంటివే. జాగా చాలనప్పుడు ముందుగా వీటి మీద కన్నేయకండి. ఖాళీగా కనపడే సీటు మా ఇంట్లో ఎవరో ఒకరు ధైర్యం చేసి ఎక్కబోయే సీటు.

నాలుగోది టికెట్ గురించి. మా అమ్మాయికి మొన్ననే 10 నిండాయి. మీ లెక్కలో ఆ రోజు నుంచి తనూ, వాళ్ల తాతయ్యా ఒకే వయసువాళ్లు. 3 నుంచి 9 దాకా పిల్లలన్నారు, 10 నిండితే పెద్దలన్నారు, ఆ తర్వాత మనిషికి వయసే లేదన్నారు. చవగ్గా ఇమ్మని అడగను. పొద్దున్న హోటల్లో పడుకుని, ఎండ తగ్గాక వచ్చి, దీపాలూ బాణసంచా చూసి వెళ్లే పెద్దవాళ్లకి ఏడాది పొడవునా దొరికే పూట టికెట్ ఒకటి పెట్టండి. “నాకు వద్దులే” అనే నాన్నతో “సగం పూటకే కదా” అనగలిగితే ఆ సంభాషణ నేను గెలుస్తాను.

మీ మంచి కూడా చెప్పాలి. బయటి తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలూ వేడి చేయాల్సినవీ కాకుండా ఉంటే చాలు. పులిహోరకీ పెరుగన్నానికీ ఇంతకన్నా ఏం కావాలి? యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలోని సనా హోటల్లో కిటికీ బయట జిరాఫీలు తిరుగుతుంటే లోపల నాన్, రకరకాల చట్నీలు పెడతారు. ఒక పూట అక్కడికే. ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్లు, వంటగది ఉన్న విల్లాలూ ఉన్నాయి. తెల్లవారుజామున ఐదింటికి కాఫీ పడకపోతే మా ఇంట్లో ఏ రైడూ కదలదు కాబట్టి, గది ఎంచుకునేటప్పుడు మొదట చూసింది పొయ్యినే.

మీ వంతు రాశాను. మా వంతూ చెప్పాలి కదా. షీటులో నిన్న కొత్త వరస ఒకటి కలిపాను, ‘బ్యాగుల దగ్గర’ అని. అక్కడ ఉండే ఐదు రోజులకీ వంతులు వేశాను. మా మరిదికీ పడింది, మావారికీ పడింది. పెద్దవాళ్లకి రోజుకి ఒక్కసారికి మించి వేయలేదు, అదీ ముగ్గురిలో ఒక్కరికే. షీటు చూసి నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, “ఆ రంగులరాట్నం అయితే ఎక్కుతాలే, మనవడు ఒక్కడే భయపడతాడేమో” అన్నారు.

ఆయన గడిలో రంగు మార్చాను. ఆ సమయానికి బెంచీ మీద వంతు నాది. తినడానికి వేరుశెనక్కాయలు వేయించి ఇస్తానన్నారు అత్తమ్మ.

ఇట్లు,
ఒక తెనాలి ఆడపడుచు, నల్గొండ కోడలు