కరిష్మా 8

మా బల్ల దగ్గర ఆడే పిల్లలకూ, ఇంకెక్కడైనా ఈ ఆట ఆడే పిల్లలకూ,

లెక్కలేసి క్యారెక్టర్ కట్టేవాడికి కథ అక్కర్లేదని మీలో సగం మంది గోల. కథ కథ అనేవాళ్లు మొదటి గుహలోనే పడిపోయి మా ప్రాణాల మీదికి తెస్తారని మిగతా సగం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఉన్నచోటల్లా ఉండే తగువే ఇది. ఆట నడిపే డీఎంని (డంజన్ మాస్టర్‌ని) కాబట్టి నన్ను తేల్చమన్నారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను అచ్చేసినప్పుడు ఇలా లెక్కలేసి కట్టడానికి చోటు లేదు. ఒక్కో గుణానికి మూడు పాచికలు, పడిందే జాతకం. 18 పడటం 216లో ఒక వంతు. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో పాయింట్లతో కొనుక్కునే పద్ధతికి వస్తే చేతిలో 27 పాయింట్లుంటాయి. ఒక గుణం 15 కావాలంటే 9 ఖర్చు, 8 ఊరికే వస్తుంది. మూడు 15లు కొంటే సంచి ఖాళీ, మిగిలినవి మూడు 8లు. అలా కట్టడం తప్పని నేననను. రాక్షసుల గుహల్లో బతికేవాడు తన కత్తికి పదును పెట్టుకోడా?

నా పేచీ ఆ 8ల దగ్గరే. మాటతో మెప్పించే గుణం, కరిష్మా, 8 మాత్రమే ఉన్న యోధుడు రాజుగారి కొలువులో నోరు విప్పాల్సి వస్తుంది. అప్పుడు మీరు, కాలేజీ డిబేట్లలో కప్పులు కొట్టినవాళ్లు, సొంత నోటితో దంచేస్తారు. డీఎం మురిసిపోయి పాచిక అడక్కుండా వదిలేస్తే కరిష్మా మీద ఖర్చు పెట్టకుండా మిగుల్చుకున్న పాయింట్లు మీకు దొంగసొమ్మే. కత్తి పట్టడం రాని మీకు యుద్ధంలో పాచికే కత్తి తిప్పుతోంది కదా, మాట దగ్గర మాత్రం మీ నాలుక ఎందుకు? పక్కనే ఓ బిడియస్తురాలు 9 పాయింట్లు పోసి కరిష్మా కొనుక్కుని పాటలతో మాయ చేసే బార్డ్ అయింది. ‘సుంకం తగ్గించమని అడుగుతా’ అని ఆమె గొణిగితే చాలు, మిగతాది పాచిక చెప్పాలి. అన్నట్టు, 8 అంటే మూర్ఖుడని కాదు, పాచికలో ఒకటి తగ్గుతుందంతే. వేళకాని వేళ నవ్వేవాడు, రాజు పేరు మరిచిపోయేవాడు. ఆడటానికి ఎంత బాగుంటాడో!

కథ పక్షంవాళ్లు చంకలు గుద్దుకోవద్దు. ‘నా క్యారెక్టర్ అంతే’ అంటూ తోటివాళ్ల సంచులు కొట్టేసే దొంగను ఎంచుకున్నది మీరే.

ఇంకో చిక్కుంది. దాడి పాచికలో 5 వదులుకుని, తగిలితే దెబ్బకు 10 కలుపుకునే, 2014 నాటి ‘గ్రేట్ వెపన్ మాస్టర్’ నైపుణ్యం ఒకడికుంది, మిగతావాళ్లకు అలాంటిదేమీ లేదు. వాడికి సాటి రాక్షసుణ్ని దించితే పక్కవాడు మొదటి వేటుకే కూలతాడు. పక్కవాడికి తగినవాణ్ని తెస్తే వీడికి ఆవులింతలు. అందుకే కొత్త కథ మొదలయ్యే ముందు క్యారెక్టర్లు ఎవరింట్లో వాళ్లు కాకుండా అందరూ ఒకచోట కూర్చుని కట్టుకోవాలి.

మా బల్లవాళ్లు ఆదివారం వచ్చేటప్పుడు షీట్‌లో ప్రతి 8 పక్కనా ఒక వాక్యం రాసుకు రండి, అది మీ మనిషిని ఎక్కడ ఇరికించిందో. పెద్ద కత్తి పట్టినవాడు శనివారమే నాకు ఫోన్ చెయ్యాలి.

మీ డీఎం బాబాయి