కాలికి ప్లాస్టర్, బరికి లైసెన్సు

2016 ఫిబ్రవరిలో పటాయాలో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి 32 మంది విదేశీయులను స్టేషనుకు పట్టుకెళ్లారు. ఎక్కువమంది రిటైరైన ముసలివాళ్లు. ఒకావిడకు 84 ఏళ్లు. వాళ్లు చేసిన నేరం బ్రిడ్జి ఆడటం. బల్ల మీద పైసా లేదు. కానీ అక్కడి పేకముక్కల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరి దగ్గరా 120 ముక్కలకు మించి ఉండకూడదు. పాపం, వాళ్ల దగ్గర ఉన్నాయి.

అదే థాయ్‌లాండ్‌లో ఆదివారం కోడిపందేల బరికి వెళ్లండి. ఎవరూ అడ్డుకోరు. గేటు దగ్గర టికెట్టు, లోపల మెట్లుమెట్లుగా బెంచీలు, మధ్యలో గుండ్రటి బరి. చుట్టూ వందల గొంతులు ఒకేసారి పందెం కాస్తుంటాయి. చీటీ ఉండదు, రసీదు ఉండదు. గాల్లో లేచిన వేళ్లు, కలిసిన చూపులు, ఒక తలూపు చాలు. ఓడినవాడు పోరు ముగిశాక నడిచొచ్చి డబ్బు చేతిలో పెట్టి పోతాడు. ఇదంతా చట్టబద్ధం.

థాయ్‌లాండ్ జూదం విషయంలో సడలింపున్న దేశమని మనవాళ్లలో ఒక భ్రమ. నిజానికి అక్కడ కాసినోలు నిషేధం, పేకాట నిషేధం. నెలకు రెండుసార్లు, ఒకటో తేదీన, పదహారో తేదీన తీసే సర్కారీ లాటరీ, గుర్రప్పందేలు పోను మిగిలిన జూదమంతా దాదాపు నేరమే. 1932లో రాజుగారి సర్వాధికారం పోయింది. మూడేళ్లకు, 1935లో, కొత్త పాలకులు జూద చట్టం తెచ్చారు. అందులో రెండు జాబితాలు. మొదటి జాబితాలోవి మామూలుగా ఆడనే కూడదు. రెండో జాబితాలోవి అధికారి లైసెన్సు ఇస్తే ఆడుకోవచ్చు. కోడిపందెం, ఎడ్ల పోట్లాట, చేపల పోట్లాట ఆ రెండో జాబితాలోకి వచ్చాయి. (చేపల పోట్లాట అంటే నవ్వొద్దు. అరచేతిలో పట్టేంత ఆ రంగురంగుల చేపను 2019లో థాయ్ ప్రభుత్వం జాతీయ జలచరంగా ప్రకటించింది.)

ఆ పాలకులకు కోళ్ల మీద ప్రేమ ఉండి ఇలా చేశారని నేననుకోను. పట్నంలో పేకాట శిబిరాన్ని మూయించగలరు. ఊరూరా ఇంటి వెనక గంప కింద ఉన్న కోడిని ఏ పోలీసు లెక్కబెడతాడు? ఆపలేనిదాన్ని కనీసం కళ్ల ముందుకు తెచ్చుకుందామనుకున్నారు. అందులో ఒక రకం నిజాయితీ ఉంది. సంక్రాంతికి ముందు ‘పందేలు జరగనివ్వం’ అని ప్రకటించి, భోగి నాడు పక్కకు తిరిగే మన పద్ధతి కంటే నయమే. 1960 జంతుహింస నివారణ చట్టం, 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 2016లో ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన గట్టి ఆదేశాలు, ఇన్ని ఉండి కూడా గోదావరి జిల్లాల్లో ఆ మూడు రోజులూ ఏం జరుగుతుందో ఈ కాలమ్ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అయితే మన పందేనికీ వాళ్ల పందేనికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ కోడి కాలికి కత్తి కట్టరు. పైపెచ్చు పుట్టుకతో వచ్చిన ముల్లుకు కూడా గుడ్డో ప్లాస్టరో చుట్టేస్తారు. రెండు కోళ్లను పక్కపక్కన నిలబెట్టి, ఎత్తు చూసి, బరువు చూసి, యజమానులు ఒకరి కోడిని ఒకరు చేత్తో తడిమి చూసుకుని జత కుదుర్చుకుంటారు. తర్వాత పోరు. ఇరవై నిమిషాల ఆట, ఇరవై నిమిషాల విరామం, మళ్లీ ఆట. పాతకాలంలో చిల్లుపెట్టిన కొబ్బరి చిప్పను నీళ్లలో వదిలి, అది మునిగేదాకా ఒక ఆటగా లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు గోడ మీద ఎలక్ట్రానిక్ గడియారం. ఇలా ఎనిమిది, పది ఆటల దాకా పోవచ్చు. వెన్ను చూపి పారిపోయిన కోడి ఓడినట్టు. ఏదీ పారిపోకుండా ఆటలన్నీ అయిపోతే సమానం. మన బరిలో నిమిషాల్లో తేలిపోయేది అక్కడ మధ్యాహ్నమంతా సాగుతుంది. చావు అరుదు. మంచి కోడి ఓడినా దాని పిల్లలకు ధర పలుకుతుంది. పేరున్న పుంజు లక్షల బాట్లకు అమ్ముడుపోయే చోట దాన్ని చంపుకోవాలని ఎవడనుకుంటాడు?

కత్తి లేదు కాబట్టి హింస లేదని థాయ్ పందెంరాయుళ్లు గట్టిగా వాదిస్తారు. వాళ్లను ఆ ఇరవై నిమిషాల విరామం దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్రతి కోడికీ ఒక మనిషి ఉంటాడు. ‘నీళ్ల చెయ్యి’ అంటారు అతన్ని. బాక్సింగు రింగు మూలన బాక్సరు కోసం కాచుకుని ఉండేవాడి లాంటివాడు, పనితనంలో అంతకంటే ఎక్కువ. పోరు ఆగగానే కోడిని ఒళ్లోకి తీసుకుంటాడు. గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డతో తల, మెడ, రెక్కల కింద అద్దుతాడు. ఒక ఈకను తడిపి గొంతులోకి దించి మెల్లగా తిప్పి, కఫాన్నీ నెత్తుటినీ బయటికి లాగుతాడు. తోలు చిరిగిన చోట సూదీ దారంతో కుడతాడు. విరిగిన రెక్క ఈక స్థానంలో వేరే ఈక అతికిస్తాడు. కళ్లు వాచి మూసుకుపోతే పైరెప్పను దారంతో పైకి లాగి కడతాడు, కోడికి చూపు ఆనాలని. ఇదంతా ఎంత ఒడుపుగా, ఎంత ప్రేమగా చేస్తాడంటే చూసేవాడికి ముచ్చటేస్తుంది. తర్వాత గంట కొడతారు. అతను ఆ కోడిని తీసుకెళ్లి మళ్లీ బరిలో దింపుతాడు.

నాకు మింగుడుపడనిది అదే. కత్తి దెబ్బకు పడిపోయిన కోడి బాధ నిమిషాల్లో ముగుస్తుంది. ఇక్కడ బాధకు వైద్యం చేస్తున్నారు, అది కొనసాగాలని. ఏది ఎక్కువ హింస? తేల్చడం తేలిక కాదు. ప్రాణం మిగలడం గొప్పే. కానీ ప్లాస్టర్ చుట్టారు కదా అని ఆ పూటంతా పడే దెబ్బల్ని లెక్కలోంచి తీసేయలేం.

ఇక సంప్రదాయం సంగతి. కోడిపందెం గురించి థాయ్‌లను కదిపితే మొదట వచ్చే పేరు రాజు నరేసువన్. 16వ శతాబ్దంలో బర్మా రాజు అయుత్థయ రాజ్యాన్ని లొంగదీసి, ఈ పిల్లవాణ్ని పెగూకు, అంటే హంసావతికి, బందీగా తీసుకుపోయాడు. అక్కడ బర్మా యువరాజు మింజీ స్వా కోడికీ ఇతని కోడికీ పందెం పడిందట, ఇతనిది గెలిచిందట. బందీ కోడికి ఇంత పొగరా అని యువరాజు దెప్పితే, ఈ కోడి మీద రాజ్యాలే పందెం కాయవచ్చని కుర్రాడు జవాబిచ్చాడట. 1584లో నరేసువన్ బర్మా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించాడు. 1593లో ఏనుగుల మీద జరిగిన యుద్ధంలో అదే మింజీ స్వా చనిపోయాడు. స్వాతంత్ర్యమూ యుద్ధమూ చరిత్ర. కోడిపందెం మాత్రం కథ. కానీ థాయ్‌ల గుండెల్లో కోడే ముందు నడుస్తుంది. పసుపు మెడ, తెల్ల తోక ఉన్న నల్ల పుంజును నరేసువన్ జాతి అంటూ ఫిట్సానులోక్ ప్రాంతంలో భక్తిగా పెంచుతారు. ఎక్కడ నరేసువన్ విగ్రహం ఉందో అక్కడ మొక్కు తీర్చుకున్నవాళ్లు తెచ్చిపెట్టిన సిమెంటు కోళ్లు, ప్లాస్టర్ కోళ్లు బారులు తీరి ఉంటాయి. మోకాలెత్తువి, మనిషెత్తువి, ఇంకా పెద్దవి. దక్షిణాన నఖోన్ సీ తమ్మరాత్ దగ్గర వాట్ చేది గుళ్లో ఐ ఖై అనే బాలుడి ఆత్మకు కూడా కోళ్ల బొమ్మలే మొక్కు. లాటరీ తగిలినవాళ్లు వచ్చి టపాకాయలు కాల్చి మరీ సమర్పించుకుంటారు.

తెలుగువాడు ఇది చదువుతూ పల్నాడు దగ్గర ఆగకుండా ఉండలేడు. మనకూ కోడిపందెం మీద రాజ్యం నడిచిన కథ ఉంది. కాకపోతే మన కథలో పందెం ఓడినవాళ్లు వనవాసం పోయారు, ఆ తరువాత కారంపూడిలో అన్నదమ్ములే తెగ నరుక్కున్నారు. వాళ్ల కోడి దేశాన్ని విడిపించింది, మన కోడి వంశాన్ని కూల్చింది. అయినా రెండు చోట్లా జనం నేర్చుకున్నది ఒకటే: ఇంకో కోడిని పెంచడం.

బౌద్ధం ఊసు ఎత్తకపోతే థాయ్ కథ సగమే అవుతుంది. తొంభై శాతానికి పైగా బౌద్ధులున్న దేశం. పంచశీలాల్లో మొదటిదే ప్రాణిని చంపవద్దని. బుద్ధుడు తాను చూడని వినోదాలను ఏకరువు పెట్టిన బ్రహ్మజాల సుత్తంలో ఏనుగుల పోరు, దున్నల పోరు, పొట్టేళ్ల పోరుతో పాటు కోళ్ల పోరు కూడా ఉంది. సుత్తం భిక్షువుల నడవడి గురించి, మాకు కాదని గృహస్థులు సర్దుకుపోతారు. ఏ మతంలోనైనా ఈ సర్దుబాటు ఉన్నదే, థాయ్‌లనొక్కళ్లనే అనడానికి లేదు.

నా అసలు పేచీ 2014 చట్టంతో. ఆ ఏడాది చివర్లో థాయ్‌లాండ్ తన మొట్టమొదటి సమగ్ర జంతుహింస నివారణ, సంక్షేమ చట్టం చేసింది. క్రూరత్వానికి రెండేళ్ల దాకా జైలు, నలభై వేల బాట్ల దాకా జరిమానా. మంచి చట్టం. ఏది క్రూరత్వం కాదో చెప్పే సెక్షనులో మాత్రం, ఆహారం కోసం చంపడం, వైద్యం వంటి వాటి పక్కన, స్థానిక సంప్రదాయం ప్రకారం జరిపే జంతువుల పోరాటాలను కూడా కూర్చోబెట్టారు. ఏది స్థానికమో, ఏది సంప్రదాయమో ఆ వాక్యం చెప్పదు. కోత అయ్యాక ఊరి చెట్టు కింద ఆడుకున్న పందేనికీ, కెమెరాలు పెట్టి ఇంటర్నెట్లో ప్రత్యక్ష ప్రసారమయ్యే లక్షల బాట్ల పందేనికీ ఒకటే గొడుగు.

1935 చట్టం కోడిపందేన్ని జూదమని పిలిచి, జూదంగా లైసెన్సు ఇచ్చింది. ఉన్న మాట అన్నది. 2014 చట్టం దానికి సంప్రదాయమని పేరు పెట్టింది. ఒకే బరి లైసెన్సు కోసం ఒక ఆఫీసులో జూదం అవుతుంది, కేసు తప్పించుకోవడానికి మరో ఆఫీసులో సంస్కృతి అవుతుంది. నిజంగా సంస్కృతే అయితే పందెం డబ్బు తీసేసి ఒక్క ఆదివారం నడిపి చూడమనండి. బెంచీల మీద ఎవరుంటారు?

థాయ్ ప్రభుత్వానికి ఈ కోళ్లను అదుపులో పెట్టడం చేతకాదనీ అనలేం. 2004లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోట్ల కోళ్లను చంపేశారు. జపాన్, యూరప్ థాయ్ పచ్చి కోడిమాంసం కొనడం మానేశాయి. అప్పుడు చాలామంది యజమానులు పందెం కోళ్లను అధికారులకు దొరక్కుండా దాచారు. నోటితో కోడి గొంతులోని కఫాన్ని పీల్చే పాత అలవాటు ఎంత ప్రమాదమో డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. చివరికి పందెం కోళ్లకు పాస్‌పోర్టులు పెట్టారు! ఒక్కో పుంజుకు ఒక్కో పుస్తకం, దాంట్లో దాని ఆనవాళ్లు, ఎక్కడెక్కడికి తిరిగిందో ఆ వివరాలు. 2020 చివర్లో అంగ్ థాంగ్ ప్రావిన్సులో ఒక బరి నుంచి కోవిడ్ పాకినప్పుడు బరులు మూయించారు. ఎగుమతికి దెబ్బ తగిలితే, మనుషులకు జబ్బు చేస్తే సంప్రదాయం పక్కకు జరిగింది. కోడికి దెబ్బ తగిలినప్పుడే అది కదలడం లేదు.

థాయ్ పెంపకందార్ల మాట ఒకటి మాత్రం నన్ను నిలబెట్టేస్తుంది. మీరు తినే బ్రాయిలర్ ఆరువారాలు బతుకుతుంది, ఎండ చూడదు, సరిగ్గా నడవలేదు. మా పుంజు ఏళ్లపాటు బతుకుతుంది, పసుపు, మూలికల నీళ్లతో స్నానం చేస్తుంది, మంచి తిండి తింటుంది, ఎండలో గంప కింద దర్జాగా కూర్చుంటుంది. మీరా మాకు దయ నేర్పేది? అంటారు. కాదనలేం. చికెన్ బిర్యానీ తింటూ కోడిపందేన్ని తిట్టేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ ఆ వాదన బ్రాయిలర్ షెడ్డును ఖండిస్తుందే తప్ప బరిని సమర్థించదు. ఒక తప్పును చూపించి రెండో తప్పుకు ఎవరూ సర్టిఫికెట్ పుచ్చుకోలేరు.

మన దగ్గర ఏటా సంక్రాంతికి కొందరు జల్లికట్టును, ఇంకొందరు థాయ్‌లాండ్‌ను చూపించి లైసెన్సులు ఇచ్చేయమంటారు. జల్లికట్టుకు తమిళనాడు 2017లో చట్టం సవరించుకుంది, 2023లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కాబట్టి ఆశ పుట్టడం సహజం. థాయ్ దారే కావాలంటే ముందు కత్తి వదలండి. అది వదిలితే బరుల్లో సగం వాటంతటవే ఖాళీ అవుతాయని వాళ్లకూ తెలుసు.

థాయ్‌లాండ్ పందేలను రేపే మూసేయాలని నేననను. మూస్తే అవి తోటల్లోకి, ఆ తర్వాత కత్తుల్లోకి పోతాయి. 1935 లైసెన్సు ఉండనివ్వండి. పోవాల్సింది 2014 మినహాయింపు. ప్రతి బరిలో ప్రభుత్వ పశువైద్యుడు ఉండాలి, ఆటల సంఖ్యకు హద్దుండాలి, కన్ను మూసుకుపోయిన కోడి పోరు అక్కడితో ముగియాలి. రెప్పకు దారం కట్టి కోడిని మళ్లీ బరిలో దింపేవాడి మీద, దింపించేవాడి మీద ఆ రెండేళ్ల జైలు సెక్షను పెట్టాలి. ఆ చట్టం రాసింది అందుకే.