కడలికి పెడమొగమై చూడవలసిన సీమ



సెలవుల ఊసు వచ్చిందంటే చాలు, ఇంగ్లండులోను ఐర్లండులోను జర్మనీలోను స్థిరపడిన మన పిల్లలు "నాలుగు రోజులు ఎండలో గడిపి రావాలి, ఎక్కడికి పోదాం?" అని ఆలోచనలో పడతారు. ఏడాదిలో సగం మబ్బుల కింద బ్రతికేవారికి ఎండ మీద మోజు సహజమే. మనం గొడుగు పట్టి తప్పించుకొనే ఆ వస్తువును వారు టిక్కెట్టు కొని చూడవలసి వస్తున్నది. అట్టివారికి మొట్టమొదట వినిపించే పేర్లలో ఒకటి అల్గార్వ్. ఇది పోర్చుగల్ దేశపు దక్షిణతీరం. తూర్పున గ్వాదియానా నది మొదలుకొని పడమట సెయింట్ విన్సెంట్ అగ్రం దాకా సుమారు 150 కిలోమీటర్లు సాగిన సీమ. ఏడాదికి దాదాపు 3000 గంటల ఎండ కాస్తుందని ప్రతీతి.

మా అబ్బాయి లండనులో ఉద్యోగం చేస్తుండగా నేనూ మా ఆవిడా ఆ సీమకు రెండు పర్యాయాలు వెళ్ళి వచ్చాము. మొదట ఆగస్టులో, తరువాత మరొక ఏడు ఫిబ్రవరిలో. ఆ రెండు యాత్రలను పక్కపక్కన నిలిపి చూచుకున్నాక నాలో ఒక అభిప్రాయం స్థిరపడింది. అల్గార్వ్‌ను చూడదలచినవారు సముద్రానికి పెడమొగమై నిలబడి చూడవలె. అదీ చలికాలపు చివరలో చూడవలె.

"సముద్రతీరానికి పోయి సముద్రాన్ని చూడవద్దంటారేమిటి పంతులుగారూ!" అని నవ్వకండి. సముద్రం ఎక్కడికీ పోదు. ఆ కొండచరియల పసిడి వన్నె, అలలు తొలిచిన రాతి తోరణాలు కన్నుల పండువే, కాదనను. అయితే ఆగస్టు మాసంలో అక్కడ కనిపించేది సముద్రం కాదు, జనసముద్రం. అల్బుఫెయిరా వద్ద ఇసుక కానరాదు, గొడుగులే కానవస్తాయి. బెనజిల్ అనే చోట కప్పుకు కన్నం పడిన ఒక కడలిగుహ ఉన్నది. దానిలోనికి ఎగబడే జనాన్ని అదుపు చేయలేక 2024లో అధికారులు ఈదుకుంటూ లోపలికి పోవడాన్ని, లోపలి ఇసుకపై దిగడాన్ని నిషేధించారు. ప్రకృతి వేల యేండ్లు కూర్చుని చెక్కిన గుహకు కాపలా పెట్టవలసి వచ్చిందంటే మన విహారాలను గురించి మనం కొంత ఆలోచించుకోవలె.

అంతకంటె పెద్ద చిక్కు నీటిది. 2021 జనగణన నాటికి ఆ సీమలో కాపురముండేవారు 4 లక్షల 67 వేల మంది మాత్రమే. వేసవిలో వచ్చే అతిథుల సంఖ్యకు వారికీ పొంతన లేదు. వానలు వరుసగా తప్పి జలాశయాలు అడుగంటగా 2024 ఆరంభంలో పోర్చుగల్ ప్రభుత్వం అక్కడి వ్యవసాయానికి 25 శాతం, పట్టణాలకు 15 శాతం నీటి కోత ప్రకటించింది. పిమ్మట వానలు కురిసి ఆ కోతలను సడలించారు గాని భయం తీరలేదు. నలభై దాకా ఉన్న గోల్ఫ్ మైదానాల పచ్చిక, హోటళ్ళ ఈతకొలనులు, నారింజతోటలు, ఇంట్లోని కుళాయి, అన్నీ ఆ కొద్దిపాటి వానను నమ్ముకున్నవే. మన రాయలసీమ వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నీరు మిక్కిలి తక్కువగా ఉండే నెలలలోనే అతిథులు మిక్కిలి ఎక్కువగా రావడం ఏ ఇంటికైనా బరువే.

అందువల్ల అసలు పోవద్దని నా వాదం కాదు. ఆ ప్రాంతపు జీవనాధారం యాత్రికులే. వేసవిలో ఊపిరి సలపని పని, చలికాలంలో మూతపడిన దుకాణం, ఇదీ అక్కడి హోటలు పనివారి బ్రతుకు. మనం ఫిబ్రవరిలో పోతే వారికి పని లేని రోజులలో పని కల్పించినవారమౌతాము, గది అద్దె తగ్గి మనకూ లాభిస్తుంది. పగటివేళ 16, 17 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. నడుమ నడుమ వాన పడవచ్చును, ఒక స్వెట్టరు చాలును. అన్నిటినీ మించి జనవరి చివరి నుండి ఫిబ్రవరి దాకా బాదం చెట్లు పూస్తాయి. ఆకు తొడగక ముందే కొమ్మనిండా తెల్లని, లేతగులాబి పూలు. మంచు దేశపు రాకుమారి ఒకతె ఈ సీమ రాజును పెండ్లాడి, మంచు కానరాక బెంగపడి చిక్కిపోగా, ఆ రాజు కొండలనిండా బాదం నాటించి వసంతారంభాన "ఇదిగో నీ మంచు" అని చూపినాడట. కట్టుకథే కావచ్చును. కాని బెంగను పోగొట్టడానికి చెట్లు నాటించిన రాజు కథ నాకు నచ్చింది.

ఆ కథలోని రాజు అరబ్బు. ఇక్కడ చరిత్ర కొంత చెప్పక తప్పదు. అల్గార్వ్ అన్న పేరే అరబ్బీ "అల్-గర్బ్", అనగా పడమర. ఎనిమిదవ శతాబ్ది ఆరంభం నుండి 1249లో ఫారో నగరం పోర్చుగీసు రాజు వశమయ్యేదాకా ఐదు వందల యేండ్లకు పైగా అక్కడ ముస్లిముల ఏలుబడి సాగింది. "అల్"తో మొదలయ్యే ఊళ్ళు చాలావరకు ఆనాటి జ్ఞాపకాలే. అల్బుఫెయిరా అంటే అరబ్బీలో చిన్న కడలి, కయ్య. సముద్రానికి పెడమొగమై నిలబడితే మొట్టమొదట కనిపించవలసినది ఆనాటి రాజధాని సిల్వెస్. ఆగస్టులో వచ్చేవారిలో అధికులు ఆ వైపు తొంగి చూడరు. ఎర్ర ఇసుకరాతి కోట, కింద ఆరాద్ నది, చుట్టూ నారింజతోటలు. ఒకనాడు ఓడలు ఆ నదిలో ఎదురెక్కి కోట కిందికి వచ్చేవి. ఇప్పుడు అది పూడిపోయిన చిన్న ఏరు.

సాహిత్యప్రియులకు ఈ ఊరు తీర్థమే. పదకొండవ శతాబ్దిలో సెవిల్ రాజ్యపు యువరాజు అల్-ముతమిద్ చిన్ననాటనే ఇక్కడికి పాలకుడుగా వచ్చినాడు. ఈ ప్రాంతంలోనే పుట్టిన పేదకవి ఇబ్న్ అమ్మార్ అతనికి ప్రాణమిత్రుడు. ముతమిద్ రాజైనాడు, మిత్రుడు మంత్రియైనాడు. కాలక్రమాన మంత్రి తిరుగబడి, రాజును ఎగతాళి చేస్తూ పద్యాలు కట్టినాడు. చివరకు రాజు తన చేతులతోనే అతనిని సంహరించినాడు. ఆ రాజును 1091లో ఆఫ్రికా నుండి వచ్చిన అల్మొరావిదులు పదవీభ్రష్టుని చేసి మొరాకోకు తరలించగా అక్కడ 1095లో బందీగా మరణించినాడు. సిల్వెస్‌కు తన నమస్కారాలు అందజేయమని మిత్రుని కోరుతూ అతడు చెప్పిన కవిత అరబ్బీ సాహిత్యంలో సుప్రసిద్ధం. ఆ కోటగోడ మీద నిలిచి ఈ కథ తలచుకొన్నవారికి ఊరు వేరుగా కనిపిస్తుంది. ఊళ్ళోని పురావస్తుశాలను ఆ కాలపు లోతైన దిగుడుబావి ఒకదాని చుట్టూ కట్టారు. రాతి మెట్లు చుట్లు తిరుగుతూ నీటి దాకా దిగుతాయి. నీటిచక్రాలతో, కాలువలతో ఆ మెట్టనేలను తోటగా మలచిన పద్ధతులు అరబ్బులు విస్తరింపజేసినవే. బొట్టు విలువ తెలిసినవారి బావిని చూచి పక్కనున్న ఈతకొలనుల సంగతి ఆలోచించుకోవచ్చును.

తెలుగు పండితుని కంటికి మరొక ముచ్చట. సిల్వెస్ సంతలో నారింజను "లరాంజ" అంటారు. సంస్కృత నారంగం పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, పోర్చుగీసులో లరాంజ అయింది. సంస్కృతానికి ఆ మాట ద్రావిడభాషల నుండే వచ్చిందని పలువురు భాషావేత్తల మతం. అనగా మన నారింజకు అది దూరపు చుట్టమే. పోర్చుగీసువారు మాత్రం తక్కువ తిన్నారా? అలమర, తువాలు, బొత్తాము, మేస్త్రి, పీపా అన్న మాటలు మనకు వారి నోటి నుండే వచ్చాయి. మిరపకాయ సరేసరి. ఇచ్చిపుచ్చుకోవడాలలో చుట్టరికం ఏనాడో కలిసింది.

ముఖ్యపట్టణమైన ఫారోలో విమానం దిగగానే రిసార్టుల దారి పట్టేవారే ఎక్కువ. కనీసం రెండు రోజులు అక్కడ ఆగవలె. కోటలోపలి పాతబస్తీ, తోరణద్వారాల మీద గూళ్ళు కట్టుకున్న కొంగలు ఒక ఎత్తు, ఆ ఊరి పుస్తకాల కథ ఒక ఎత్తు. పోర్చుగల్ దేశంలో తొలి అచ్చుపుస్తకంగా చెప్పేది 1487లో ఇక్కడే వెలువడింది. అది పోర్చుగీసు పుస్తకం కాదు. శామ్యూల్ గాకొన్ అనే యూదుడు హీబ్రూ లిపిలో అచ్చొత్తిన పంచగ్రంథి. పదేండ్లు తిరగక ముందే, 1496లో, యూదులు మతం మారవలె లేదా దేశం విడవవలె అని రాజశాసనం వెలువడింది. మిగిలిన ప్రతి నేడు లండనులో ఉన్నది. 1596లో ఆంగ్లేయ సేనాని ఎసెక్స్ ప్రభువు ఫారోను కొల్లగొట్టి బిషప్పుగారి గ్రంథాలయాన్ని పట్టుకుపోయినాడు. ఆ పుస్తకాలు ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయానికి చేరాయి. మన తెలుగు తొలి అచ్చుపుస్తకాలు సైతం 1740లలో జర్మనీలోని హాలె నగరంలో వెలువడ్డాయి కదా! తమ తొలి అచ్చును పరదేశంలో వెదుక్కొనే బాధ మనకు అర్థమౌతుంది.

పడమటనున్న లాగోస్ పట్టణానికి పోతే మనస్సు బరువెక్కుతుంది. 1444 ఆగస్టు 8వ తేదీన ఆఫ్రికా నుండి తెచ్చిన 235 మంది బందీలను ఆ రేవున దించి పంచుకున్నారు. తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి పంచిన ఆ దృశ్యాన్ని రాజాస్థానపు చరిత్రకారుడు జురారా తానే వర్ణించినాడు. 2009లో వాహనాల నిలుపుదల స్థలం కోసం త్రవ్వుతుండగా పాత చెత్తకుప్పలో నూట యాభైకి పైగా ఆఫ్రికావారి అస్థిపంజరాలు బయటపడ్డాయి. బానిసల అంగడిగా పేరుపడిన భవనంలో ఇప్పుడు చిన్న ప్రదర్శనశాల ఉన్నది. పిల్లలను తప్పక తీసుకుపోవలె. అక్కడికి కొద్ది దూరంలోని సాగ్రెస్ కోటను చూపి, హెన్రీ రాకుమారుడు అక్కడ నౌకావిద్యాశాల నడిపినాడని చెబుతారు. అట్టి పాఠశాలకు చరిత్రకారులు ఆధారం చూపలేదు. ఆయన 1460లో అక్కడ కన్నుమూయడం మాత్రం నిజం. ఓడల వైభవమూ సంకెళ్ళ చప్పుడూ ఒకే రేవు నుండి బయలుదేరాయని చెప్పడం ఉపాధ్యాయుల విధి, తల్లిదండ్రుల విధి కూడా.

తూర్పున తవీరా నాకు మిక్కిలి నచ్చిన ఊరు. నది మీద పాత వంతెన, పలకల కప్పుల ఇండ్లు, చేరువలో ఉప్పుమళ్ళు. అక్కడి రైతులు ఎండాకాలంలో నీటి మీద తేలే పలుచని పొరను మెల్లగా తీసి "ఉప్పుపువ్వు" అని అమ్ముతారు. ఫారో నుండి అంతవరకు రీయా ఫోర్మోజా అనే ఉప్పుకయ్యలు, ఇసుకదీవులు వ్యాపించి ఉన్నాయి. చలికాలంలో రాజహంసలు దిగుతాయి. బారిల్ అనే తిన్నె వద్ద ఇసుకలో వందల కొద్దీ తుప్పుపట్టిన లంగర్లను వరుసలుగా పాతి ఉంచారు. ట్యూనా చేపల వలలను నిలిపిన లంగర్లవి. చేపలు రాక ఆ వేట అంతరించింది. సముద్రం మీద బ్రతికినవారి శ్మశానవాటికలా తోస్తుంది. తీరంలో నేను చూడమని చెప్పే ఇసుక అదొక్కటే.

ఒక రోజు కొండసీమకు కేటాయించండి. మొన్షీక్ కొండలలో ఫోయా శిఖరం ఎత్తు 902 మీటర్లు. 2018 ఆగస్టు కార్చిచ్చు ఆ అడవులను బాగా కాల్చివేసింది. బెండుచెట్ల బెరడును తొమ్మిదేండ్లకొకసారి ఒలిచి, ఒలిచిన సంవత్సరపు అంకెను మాను మీద వ్రాస్తారు. తాతలు నాటితే మనుమలు ఒలుచుకొనే పంట. కారబ్ కాయలూ అక్కడే చూడవచ్చును. మన కంసాలులు బంగారానికి చెప్పే క్యారెట్టు ఆ గింజల గ్రీకు పేరు నుండి పుట్టినదే.

ఇక ఆచరణ. ఏడు రోజులు చాలును. ఫారోలో రెండు, తవీరాలో రెండు, లాగోస్‌లో మూడు. ఈ మూడింటినీ కలిపే రైలు ఉన్నది, కారు అవసరం లేదు. సిల్వెస్ స్టేషను ఊరికి రెండు కిలోమీటర్ల దిగువన ఉంటుంది, నడవలేనివారు ముందే వాహనం మాట్లాడుకోవలె. సాగ్రెస్‌కు, మొన్షీక్‌కు బస్సులున్నాయి. శాకాహారులు బెంగపడనక్కరలేదు. రొట్టె, ఆలివ్ కాయలు, వెల్లుల్లి, వెనిగరు పట్టించిన క్యారట్ ముక్కలు, ఎండు అత్తిపండ్లు, బాదంమిఠాయిలు, బుట్టెడు నారింజలు. మేము వాటితోనే వారం సుఖంగా గడిపాము.

"పిల్లలకు బడి సెలవులు వేసవిలోనే కదా!" అన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఇంగ్లండులో ఫిబ్రవరి నడుమ వారం రోజుల విరామం ఉన్నది, అది అచ్చంగా బాదం పూచే వేళ. అదీ కుదరనివారు ఈస్టరుకు పోవచ్చును. ఈత కోసమే పోయేవారికి నా సలహా పనికిరాదు, వారు హాయిగా ఈదుకోవచ్చును. కాని "అల్గార్వ్ చూచి వచ్చాము" అనడానికి మాత్రం ఆ ఈత చాలదని నా మతం.

మీలో ఆ సీమను చూచినవారు, ముఖ్యంగా నాతో ఏకీభవించనివారు, మీ అభిప్రాయాలను వ్యాఖ్యల రూపంలో తెలుపగలరు. ఐరోపాలో ఉన్న మిత్రులు ఈ ఏడు పోదలచుకుంటే బాదం పూత కబురు తెలుసుకుని మరీ బయలుదేరండి.