అంకె పలికేదొకటి, మనం వినేదొకటి

నేరస్థలంలో దొరికిన మరకలోని డి.ఎన్.ఏ. ముద్దాయి డి.ఎన్.ఏ.తో సరిపోలినదని శాస్త్రజ్ఞుడు చెప్పగానే ఇక విచారించవలసినదేమీ లేదనే భావం నేడు లోకంలో బలంగా నాటుకొని ఉన్నది. మనుష్యసాక్షి పొరబడవచ్చును, భయపడవచ్చును, అమ్ముడుపోవచ్చును. విజ్ఞానశాస్త్రం మాత్రం అబద్ధమాడదని మన నమ్మకం. ఆ నమ్మకంలో సత్యం లేకపోలేదు. అయితే శాస్త్రం చెప్పిన మాట వేరు, ఆ మాటకు మనం కల్పించే అర్థం వేరు. ఈ రెండింటి నడుమనున్న అగాధంలో నిర్దోషి జీవితం కూలిపోగలదు. కనుక ఈ విషయం న్యాయవాదులకే కాక విద్యావంతులందరికీ సంబంధించినది.

1984లో ఇంగ్లండులోని లీస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ఆధారంగా వ్యక్తులను గుర్తించే పద్ధతిని కనుగొన్నారు. అనతికాలంలోనే మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ స్వదేశీ పద్ధతిని రూపొందించి ఈ విద్యను భారతదేశంలో పాదుకొల్పినారు. జెఫ్రీస్ పద్ధతి హత్యల దర్యాప్తులో మొదటిసారి ప్రవేశించినప్పుడు చేసిన తొలి మేలు ఒక నిర్దోషిని విడిపించడం. పోలీసుల ఎదుట నేరాన్ని ఒప్పుకొన్న యువకుడు నేరస్థుడు కాడని 1986లో తేల్చినది అదే. 1988లో అసలు హంతకునికి శిక్ష పడినది. ఇటువంటి ఉపకారిని శంకించడం నా అభిమతం కాదు. దాని భాషను సరిగా చదవమనడమే నా విన్నపం.

మన తర్కశాస్త్రంలో బాలురకు మొదట నేర్పే ఉదాహరణ ఒకటి ఉన్నది. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని ఊహించవచ్చును. కాని నిప్పు ఉన్నచోటనెల్లా పొగ ఉండి తీరాలనరాదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. వాక్యాన్ని తిరగవేస్తే సత్యం నిలువదు. డి.ఎన్.ఏ. సాక్ష్యంలో జరిగే పొరపాటు సరిగా ఇదే. “ముద్దాయి నిర్దోషి అయితే ఇటువంటి పోలిక కలగడం ఎంత అరుదు?” అన్నది ఒక ప్రశ్న. “పోలిక కలిగినది కనుక ముద్దాయి నిర్దోషి కావడం ఎంత అరుదు?” అన్నది మరొక ప్రశ్న. ప్రయోగశాల సమాధానమిచ్చేది మొదటి ప్రశ్నకు. న్యాయస్థానం వినేది రెండవదానికి.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 1990లో మాంచెస్టరులో విచారణ జరిగిన డీన్ కేసులో డి.ఎన్.ఏ. పోలిక 30 లక్షలలో ఒకరికి మాత్రమే కలుగునని నిపుణుడు చెప్పినాడు. “అయితే ఇతడు కాక మరొకడు నేరస్థుడయ్యే అవకాశం 30 లక్షలలో ఒకటేనా?” అని న్యాయవాది అడిగినప్పుడు, అవునన్నాడు. తిరగవేసిన ఆ వాక్యం దోషభూయిష్టమని గ్రహించిన అప్పీలు కోర్టు 1993లో ఆ శిక్షను రద్దు చేసింది.

ఒక చిన్న లెక్కతో ఈ భేదం స్పష్టమవుతుంది. ఒక నగరంలో నేరం చేయగల పురుషులు 10 లక్షలమంది ఉన్నారనుకొందాము. మరకలోని డి.ఎన్.ఏ. లక్షమందిలో ఒకరికి సరిపోలుతుందనుకొందాము. అప్పుడు అసలు నేరస్థుడే కాక సుమారు పదిమంది నిర్దోషులకు కూడ అది సరిపోలగలదు. ముద్దాయిపై వేరే ఆధారమేదీ లేకపోతే, అతడు ఆ పదకొండుమందిలో ఒకడు మాత్రమే. లక్షకు ఒకటి అన్న అంకెను విని మనం దోషి అని నిశ్చయించుకొన్న వ్యక్తి పదకొండింట పదిపాళ్ళు నిర్దోషి!

అదే నేరం వందమంది మాత్రమే ఉన్న ఒక ఓడలో జరిగినదనుకొందాము. అప్పుడు యాదృచ్ఛికంగా మరొక వ్యక్తికి ఆ పోలిక కలిగే అవకాశం వెయ్యింట ఒకటి మాత్రమే. అదే డి.ఎన్.ఏ., అదే అంకె. కాని నిర్ణయం తలక్రిందులైనది. సాక్ష్యం బలాన్ని దాని పూర్వస్థితితో కలిపి తూచవలెనన్న ఈ సూత్రాన్ని థామస్ బేయస్ అనే ఆంగ్ల మతబోధకుడు రచించగా, ఆయన మరణానంతరం 1763లో అది ప్రకటితమైనది. మునుపటి అంచనాను సాక్ష్యబలంతో గుణిస్తే సవరించిన అంచనా లభిస్తుందన్నదే దాని సారాంశం.

ఈ సూత్రం న్యాయస్థానంలో పరీక్షకు నిలిచిన ప్రసిద్ధ సందర్భం ఇంగ్లండులోని డెనిస్ ఆడమ్స్ కేసు. 1991నాటి అత్యాచార నేరంలో అతనిపై ఉన్న సాక్ష్యం డి.ఎన్.ఏ. ఒక్కటే. అది 20 కోట్లలో ఒకరికి సరిపోలునని ప్రాసిక్యూషన్ వాదించింది. ఆ అంకె 20 లక్షలలో ఒకటి మాత్రమే కావచ్చునని ప్రతివాదం. బాధితురాలు గుర్తింపు పరేడులో అతనిని గుర్తించలేదు. దుండగుని పోలికలు అతనిలో లేవన్నది. ఆ రాత్రి అతడు తనతో ఉన్నాడని అతని స్నేహితురాలు సాక్ష్యమిచ్చింది. ఈ వివరాలన్నింటినీ బేయస్ సూత్రంతో ఎట్లా తూచవలెనో ఆక్స్‌ఫర్డు గణాంకశాస్త్రజ్ఞుడు పీటర్ డానెల్లీ జూరీకి వివరించినారు. 1996లో అప్పీలు కోర్టు పునర్విచారణకు ఆదేశిస్తూనే ఈ పద్ధతి జూరీని అనవసరమైన జటిలత్వంలోకి నెట్టుతుందని ఆక్షేపించింది. పునర్విచారణలో సభ్యులకు లెక్కల పత్రాలు, కాలిక్యులేటర్లు సైతం ఇచ్చినారు. ఆడమ్స్ మరల దోషిగానే నిర్ణయింపబడినాడు. 1997లో రెండవ అప్పీలు కూడ వీగిపోయినది.

కోర్టు భయంలో కొంత న్యాయం ఉన్నదని అంగీకరించవలెను. సాక్షి మాటకు ఇన్ని పాళ్ళని అంకె కట్టడం సులభం కాదు. సామాన్యుల చేత గుణకారాలు చేయించి మనిషి భవితవ్యాన్ని నిర్ణయించడం ఎవరికీ రుచించదు. కాని దానికి మందు బేయస్‌ను వెలివేయడం కాదు. తక్కెడలో ఒకవైపు 20 కోట్లన్న అంకె, మరొకవైపు ఒక స్త్రీ పలికిన మాట ఉన్నప్పుడు అంకె మాటను మింగివేస్తుంది. అంకెను అనుమతించి, దానిని తూచే పద్ధతిని నిషేధించడం ఒక తట్టనే సవరించడం వంటిది. ఫలితాన్ని లెక్క కట్టకపోయినా, ఆలోచనాక్రమమైనా బేయస్ చూపిన దారిలో నడవవలెనని నా దృఢాభిప్రాయం.

అంకె ఎంత పెద్దదైనా మోసగించగలదనుటకు 1999లో ఇంగ్లండులో జరిగిన ఉదంతం నిదర్శనం. ఒక దొంగతనపు మరక, ప్రభుత్వ భాండారంలోని ఒక వ్యక్తి నమూనాతో ఆరు స్థానాలలో సరిపోలింది. 3 కోట్ల 70 లక్షలలో ఒకటి అన్నారు. ఆ వ్యక్తి పార్కిన్‌సన్ వ్యాధితో సరిగా నడవలేనివాడు. మరిన్ని స్థానాలను పరీక్షించిన పిమ్మట అతడు కాడని తేలినది. సుమారు 6 కోట్ల జనమున్న దేశంలో అటువంటి పోలిక మరొకరికి కలగడం వింత కాదు. ఈనాటి పరీక్షలలో స్థానాలు మరింత పెరిగి అంకెలు శతకోట్లను దాటుతున్న మాట నిజమే. అయినా సోదరుల పోలిక, మిశ్రమమైన మరకలు, ప్రయోగశాలలో నమూనాల తారుమారు, ఇవేవీ ఆ అంకెలో ఇమడవు.

భారతదేశంలో నేడు జూరీ లేదు, భారమంతా న్యాయమూర్తిదే. డి.ఎన్.ఏ. నివేదిక నిపుణుని అభిప్రాయమే కాని తిరుగులేని తీర్పు కాదని, దాని విలువ కేసును బట్టి మారునని 2019లో పట్టు రాజన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మాటకు ఆచరణలో బలం చేకూరాలంటే మూడు నియమాలు అవసరం. ప్రయోగశాల నివేదిక “ఇతడే” అని పలుకరాదు. మరక ఇతనిదైతే ఈ ఫలితానికి ఎంత అవకాశమున్నదో, మరొకనిదైతే ఎంత ఉన్నదో రెండింటినీ పక్కపక్కనే చెప్పవలెను. పొరపాట్ల అవకాశాన్ని, రక్తసంబంధీకుల విషయాన్ని దాచరాదు. ముద్దాయి ఇతర ఆధారాల వలన దొరికినాడా, భాండారంలో వెదకగా దొరికినాడా అన్నది న్యాయస్థానం తప్పక విచారించవలెను.

సందేహమున్నచోట హద్దు శిక్షను ఆపవలెనన్నది ఇస్లామీయ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధ సూత్రం. సంశయలాభం ముద్దాయికే చెందవలెనన్నది నేటి న్యాయస్థానాలు పాటించే ధర్మం. ఈ రెండింటినీ అంకెల యుగంలో కాపాడగల సాధనం బేయస్ మనకిచ్చినాడు. గణితం చదివేవారు కోర్టు మనకెందుకనీ, చట్టం చదువబోయేవారు లెక్కలు మనకెందుకనీ తలపోయరాదు. బోనులో నిలిచిన నిరుపేద అంకెను ప్రశ్నించలేడు. అతని పక్షాన ప్రశ్నించగల వారిని తయారుచేయడం కళాశాలల బాధ్యత.